మావోళ్లు ఒప్పుకోరు

కర్ణాటకలో మా చింతామణి పక్క సంతల్లో ఎద్దుల బేరం చూసినారా? తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని దళారి ధర చెబుతాడు. పక్కోడికి అంతుబట్టదు. బేరం బిగుసుకుంటే కొనేవాడు చెయ్యి లాక్కుంటాడు: "నాకైతే సరేనప్పా, ఇంట్లో ఒప్పుకోరు." పాపం ఆ ఇల్లాలికి ఎద్దు సంగతే తెలీదు. ధర మాత్రం దిగుతుంది.

రాబర్ట్ పట్నం అనే అమెరికా ప్రొఫెసరు 1988లో దీని మీదే పెద్ద వ్యాసం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఇంటి దగ్గర శాసనసభ ఎంత మొండికేస్తే, బేరంలో సర్కారుకు అంత బలమట. మా దళారులకు రాయడం రాక నష్టపోయినారు.

1892లో మద్రాసు, మైసూరు సర్కార్లు తువ్వాలు కిందే నదుల బేరం కుదుర్చుకున్నాయి. మద్రాసు సమ్మతి లేనిదే ఆ నదుల మీద మైసూరు కొత్త ఆనకట్ట కట్టరాదు. ఆ నదుల చిట్టాలో మా చిత్రావతి, పాపాఘ్ని కూడా ఉన్నాయి. మైసూరులో 1881 నుంచే ప్రజాప్రతినిధి సభ ఉండేది గానీ, మనవి చేసుకోవడమే దాని పని; "ఒప్పుకోం" అనే హక్కు లేదు.

బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద కర్ణాటక పరగోడు ఆనకట్ట కట్టబోతే ఆంధ్ర ఆ తెల్లదొరల కాగితమే బయటికి తీసింది. 2004లో రెండు రాష్ట్రాలకూ అసెంబ్లీ ఎన్నికలు. అట్లాంటప్పుడు తువ్వాలు తీసేసి, వేళ్లు ఊరంతటికీ చూపాల. ఒక్క వేలు ముడిచినా ఓట్లు పోతాయి. ముఖ్యమంత్రులు ఎస్.ఎం. కృష్ణ, చంద్రబాబు ఇద్దరూ ముడవలేదు. ఎండాకాలం ముగిసేలోపు ఇద్దరి కుర్చీలూ పోయినాయి.

మా వియ్యంకుడిది ఆంధ్రలో, చిత్రావతి దిగువన బుక్కపట్నం పక్క పల్లె. "మీ సర్కారు మా నీళ్లు ఆపింది బావా" అని ఆయన, "మీ సర్కారు మమ్మల్ని తాగనీదు" అని నేను, ఒకే తెలుగులో, ఒకే పంక్తిలో రాగి సంగటి మింగుతూ పోట్లాడుకున్నాం.

ఏ సర్కారూ అడ్డుపడకుండా మాకొచ్చిన నీళ్లు ఒక్కటే. బెంగళూరు మురుగును శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద మా చెరువులకు తోలుతున్నారు. మొన్న వియ్యంకుడు వస్తే చిక్కబళ్ళాపురం కందవార చెరువు కాడికి తీసుకుపోయినా. నిండుగా తళతళమంటోంది. ఆయన కళ్లల్లో అసూయ.

"యాడి నీళ్లు బావా ఇవి?"

చెప్పినా. భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"కొంచెం కిందికి వదలమంటావా?"

"నాకైతే సరే బావా... మావోళ్లు ఒప్పుకోరు."