ఆది జాకెట్టు అడగని దర్జీలు

జాకెట్టు కుట్టించుకోవాలంటే మనవాళ్లు ఏం చేస్తారు? గుడ్డతో పాటు ఆది జాకెట్టు ఇస్తారు. "లోపల కాస్త గుడ్డ వదులు, రేపు లావైతే విప్పుకుంటా" అని ఓ హెచ్చరిక కూడా పారేస్తారు. దర్జీ తలూపి వదులుతాడు. ఒంటిని బట్టి బట్ట. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

ఉందట! 2004 డిసెంబరులో మొదలైన అమెరికా టీవీ పోటీ 'ప్రాజెక్ట్ రన్‌వే' చూడండి. డిజైనర్లు కుడతారు. జడ్జీలు చీల్చి చెండాడతారు. సీజన్‌కు ఒకరు గెలుస్తారు. ఇంత హడావుడిలో ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. ఆది ఎవరిది?

తొలి పరీక్షకు పోటీదారులను కిరాణా దుకాణానికి తోలారు. చేతిలో 50 డాలర్లు. దొరికినదానితో గౌను కుట్టాలి. గెలిచిందేమిటి? మొక్కజొన్న పొత్తుల మీంచి ఒలిచిన ఆకుల గౌను! మన దగ్గర అవి గేదె ముందు వేస్తాం. అక్కడ ఆడమనిషికి చుట్టారు. పనితనం లేదనను. కానీ ఆరితే ముడుచుకుపోయే గౌను ఏ పెళ్లికి కట్టుకెళ్లాలి?

నాలుగో సీజన్‌లో టైమ్స్ స్క్వేర్‌లోని హెర్షీస్ చాక్లెట్ దుకాణం మీద పడ్డారు. అయిదో సీజన్‌లో శాటర్న్ కారు విడిభాగాల మీద పడ్డారు. సీటు బెల్టులు అల్లి కోటు కూడా చేశారు. దీని పేరు సృజనకు సవాలు. ప్రకటన అనడానికి నోరు రావాలి కదా మరి! ఇక్కడ ఆది ఎవరిది? కంపెనీది. పాపం, ఆ కారు బ్రాండునే 2010లో జనరల్ మోటార్స్ వదిలించుకుంది. కారు పోయి కోటు మిగిలింది.

ఇక జడ్జీల దర్బారు. తొలి సీజన్లలో హైడీ క్లూమ్, మైఖేల్ కోర్స్, నీనా గార్సియా. కుట్టడానికి ఇచ్చేది ఒక రోజు, మహా అయితే రెండు. ఆపైన "ఫినిషింగ్ ఏదీ?" అని మూతి విరుపు! సంక్రాంతి ముందు రోజు గుడ్డ ఇచ్చి తెల్లారేసరికి జాకెట్టు అడిగి చూడండి. "కాజాలు పడలేదమ్మా, రేపు రా" అంటాడు మన దర్జీ. ఆ మాత్రం ధైర్యం ఆ గదిలో ఎవరికుంది?

అసలు తమాషా 2006లో, మూడో సీజన్‌లో జరిగింది. మోడళ్లను పక్కన పెట్టి, పోటీదారుల తల్లులనూ అక్కచెల్లెళ్లనూ తెచ్చి నిలబెట్టారు. వీళ్లకు కుట్టండి అన్నారు. అంతే, మేధావుల చేతుల్లో కత్తెర వణికింది. నడుమున్న మనిషి! పొట్ట ఉన్న మనిషి! గౌను దగ్గర మాటామాటా పెరిగి ఒక తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. ఆమెకు కుట్టిన ఘనుడు ఏమయ్యాడు? ఇంటికి పోయాడనుకున్నారా? ఆ సీజన్ విజేత ఆయనే!

2016లో ఈ షో పెద్దాయన టిమ్ గన్‌కే కోపమొచ్చింది. సగటు అమెరికా స్త్రీ దుస్తుల సైజు 16కూ 18కీ మధ్య ఉంటే, డిజైనర్లు ఆమెకు కుట్టనంటున్నారని వాషింగ్టన్ పోస్ట్‌లో దులిపేశాడు. బాగుంది. మరి అన్నేళ్లూ ఆ కుట్టు గదిలో తిరిగింది ఎవరండీ? 2015లో లావుపాటి స్త్రీల కోసం చేసిన దుస్తులు గెలిస్తే, అది మొక్కుబడి గెలుపని అదే వ్యాసంలో తేల్చిందీ ఆయనే. సున్నా నుంచి 22 దాకా కొలతలున్న మోడళ్లు ఈ షోకు వచ్చింది 2017లో. టేపు పూర్తిగా విప్పడానికి 13 ఏళ్లు!

అయితే వీళ్లకు కొలతలు తెలియవనుకోకండి. తొలి విజేత లక్ష డాలర్ల బహుమతి వద్దన్నాడు. ఎందుకు? అతని రేపటి వ్యాపారంలో 10 శాతం వాటా ఒప్పందంలో రాసుకున్నారు గనుక. ఆడమనిషి నడుము కొలవడం చేతకాలేదు గానీ, కుర్రాడి జేబు ఎంత చక్కగా కొలిచారు!

నాదొక్క మనవి. ఈసారి జడ్జీ కుర్చీలో మన వీధిలో జాకెట్టు కుట్టించుకునే ఏ పిన్నినైనా కూర్చోబెట్టండి. ఆవిడకు కళాదృష్టి, రంగుల తత్వం అక్కర్లేదు. రెండే అడుగుతుంది.

"చెయ్యెత్తితే చంక దగ్గర పట్టేస్తోందా అమ్మాయ్? లోపల గుడ్డ వదిలాడా?"