అనూ ఫాంటులో ఆత్మగౌరవం

తెలుగు పరిశోధన ఎక్కడ జరుగుతోందో చూడాలని ఉందా? లైబ్రరీకి వెళ్లకండి, అక్కడ ఫ్యాన్లు మాత్రమే తిరుగుతుంటాయి. యూనివర్సిటీ గేటుకు ఎదురుగా డీటీపీ సెంటరుంటుంది. అక్కడికెళ్లండి. ప్లాస్టిక్ స్టూలు మీద ఒక పరిశోధకురాలు కూర్చుని ఉంటుంది. టైపిస్టు ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో ఎవరిదో పాత సిద్ధాంత గ్రంథం తెరుస్తాడు.

"కృతజ్ఞతల పేజీ ఇదే పెట్టేద్దామా మేడమ్? గైడు గారి పేరొక్కటి మారిస్తే చాలు."

మరి గైడు గారి సతీమణికి?

"ఆవిడ కూడా ఉన్నారండీ. కన్నతల్లిలా ఆదరించారు, మూడో పేరాలో."

లోపలి సరుకు? ఫలానా వారి నవలలు – సమగ్ర పరిశీలన. ఫలానా వారి కథలు – విమర్శనాత్మక పరిశీలన. పక్కూరి కవి గారి కవిత్వం – అనుశీలన. మొదటి అధ్యాయంలో కవి పుడతాడు. రెండోదాంట్లో కవిత్వం పుడుతుంది, అదీ వేదకాలం నుంచి. ఉపసంహారంలో కవి గొప్పవాడని తేలుతుంది. ఇన్నేళ్లలో ఒక్క కవి అయినా అంతంతమాత్రం అని తేలాడా? నూటికి నూరు శాతం ఫలితాలు! సైన్సు వాళ్లు మనల్ని చూసి సిగ్గు తెచ్చుకోవాలి.

కాపీ రాయుళ్లను పట్టేందుకు 2018లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. 10 శాతం దాకా పోలికలుంటే మాఫీ. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. భేష్! కాకపోతే మన గ్రంథం టైపయ్యేది అనూ ఫాంటులో. అది యూనికోడ్ కాదు. కంటికి నిక్షేపంలాంటి తెలుగే. పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు. అది దేన్ని దేనితో పోల్చాలి? పాపం, చేతులెత్తేస్తుంది. కాపీ లేదన్న స్వచ్ఛతా పత్రం చేతికొస్తుంది. ఇంతటి మౌలికత నన్నయకు కూడా దక్కలేదు. వ్యాసుడి కథే చెబుతున్నానని ఆయన అమాయకంగా ఒప్పేసుకున్నాడు.

ఇక్కడిదాకా నవ్వొస్తుంది. ఆ స్టూలు మీది అమ్మాయి సంగతి ఆలోచిస్తేనే మండుతుంది. ఊళ్లు తిరిగి, ముసలమ్మల కాళ్ల దగ్గర కూర్చుని నాట్ల పాటలు రికార్డు చేసుకొచ్చి రాసిన గ్రంథమూ అదే ఫాంటులో, అదే గోతిలో పడుతుంది. సిద్ధాంత గ్రంథాలు దాచే శోధగంగ వెబ్‌సైటులో పీడీఎఫ్ ఉంటుంది. అందులో 'నాట్లు' అని వెతకండి. దొరికితే ఒట్టు! మూడేళ్ల తర్వాత ఇంకొకరు అదే ఊరికి, అదే ముసలమ్మ కోసం బయల్దేరతారు. ఆమె ఉండదు.

ఒకప్పుడు ఇలా లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తిరగేయండి. వ్యవసాయ పదాల కోసం జిల్లాలకు మనుషుల్ని పంపి, రైతుల నోటి నుంచి మాట తెచ్చారు. అచ్చువేసింది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ. ఆ అకాడమీ ఏది? 1983లో రద్దయింది. రద్దు చేసింది ఎవరు? తెలుగువారి ఆత్మగౌరవం పేరిట గెలిచిన ప్రభుత్వమే! (1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టిందీ అదే. సరే, ఆ మార్కులు వేద్దాం.)

2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం. ఆ హోదా కింది అధ్యయన కేంద్రం ఎక్కడ కాపురం పెట్టింది? మైసూరులో. నెల్లూరు చేరేందుకు 2019 దాకా పట్టింది. ఈలోగా 2017లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు. లైట్లు, శాలువాలు, గజమాలలు. అదే ఊళ్లో తెలుగు శాఖల్లో రిటైరైన ప్రొఫెసర్ల కుర్చీలు ఖాళీ. వేదిక మీద తేనెలొలికిన భాషకు తరగతి గదిలో పంతులు లేడు.

లెక్క మూడో తరగతి పిల్లాడు చేసేదే. గైడు రెగ్యులర్ అధ్యాపకుడై ఉండాలి. ప్రొఫెసరుకు 8 మంది, అసోసియేటుకు 6, అసిస్టెంటుకు 4. రెగ్యులర్ వాళ్లను తీసుకోరు. కాంట్రాక్టు వాళ్లు పాఠం చెప్పొచ్చు, పేపర్లు దిద్దొచ్చు, ఎలక్షన్ డ్యూటీ కూడా చేయొచ్చు. గైడు మాత్రం కాకూడదు. మరి పరిశోధన ఎవరి దగ్గర చేయాలి? తెలంగాణలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో శాసనసభ దాటి రాజ్‌భవన్‌లో కునుకు తీసింది. ఆంధ్రలో 2023లో ఇచ్చిన నియామకాల నోటిఫికేషన్ కోర్టు మెట్లెక్కింది. ఏ పార్టీకి ఓటేశారన్నది అనవసరం, కుర్చీ మాత్రం ఖాళీ.

పోనీ, ఉన్నవాళ్లకు తిండైనా పెడతారా? జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ కొట్టినవాడికి నెలకు 37,000. కొట్టనివాడు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంటే 8,000. ఆ ముష్టి కూడా 2015లో ఎత్తేయబోతే పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు చలిలో పడుకుని కాపాడుకున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంటే? జ్ఞానమే వేతనం నాయనా!

పైగా పీహెచ్‌డీ కావాలంటే వ్యాసాలు అచ్చు వేయించుకోవాలన్నారు. వేయించుకున్నారు. డబ్బు కట్టు, రెండ్రోజుల్లో 'అంతర్జాతీయ' పత్రిక. 2018 మే నెలలో యూజీసీ తన సొంత జాబితా నుంచే 4,305 పత్రికలను పీకేసింది. 2022లో అచ్చు తప్పనిసరి కాదంది. పాత జాబితా స్థానంలో తెచ్చిన కేర్ జాబితాకే 2025లో మంగళం పాడింది. మరి అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టిన ఫీజో? దానికి జాబితా లేదు.

నా వైవా గుర్తొస్తోంది. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. భోజనాలు, బొకేలు, శాలువాలు, అన్నీ నా జేబులోంచే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు నా గ్రంథం చేతిలోకి తీసుకున్నారు. గుండె దడదడ. శాలువా మడతపెట్టి దానిమీద పెట్టుకోవడానికట. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"బాబూ, నా ట్రైన్ ఎన్నింటికి?"

చప్పట్లు. నేను డాక్టర్నయ్యాను.

డీటీపీ సెంటర్లో ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. యూనికోడ్‌లో కొట్టమని అడుగుతోంది. టైపిస్టు టీ గ్లాసు కిందపెట్టాడు.

"ఎందుకు మేడమ్? యూనికోడ్ అయితే దొరికిపోతారు."

"నాది కాపీ కాదండీ. మొత్తం నేనే రాశాను."

అతను జాలిగా చూశాడు.

"అయ్యో! అలాగైతే రేటు ఎక్కువండీ. పాత ఫైలులో పేర్లు మారిస్తే పేజీకి పది. కొత్తగా కొట్టాలంటే ముప్ఫై."