గుర్తుకు మొక్కే దేవుళ్లు

ఓటరు దేవుడని నాయకులు ఊరికే అనరు. మలక్‌పేట ఓటరు మహాశయా, ఆ బిరుదుకు మీరు అన్నివిధాలా తగినవారు. వరం ఇచ్చేముందు భక్తుడి చరిత్ర అడగరు, ఇచ్చాక లెక్క అడగరు.

మీ గుర్తుభక్తి లోకానికి తెలిసింది 2020 డిసెంబరు 1న. జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్ బ్యాలెట్ మీద సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలికి బదులు సీపీఎం వారి సుత్తి, కొడవలి, నక్షత్రం అచ్చయ్యాయి. పోలింగ్ ఆపేశారు. డిసెంబరు 3న డివిజన్‌ అంతటా మళ్లీ పెట్టారు. అది న్యాయమే. గుర్తు తారుమారైతే ఎన్నికే చెల్లదనేంత ఘనత దానికి తెచ్చింది మీరే. అక్షరం రాని కోట్లమంది కోసం తొలి సార్వత్రిక ఎన్నికల నాడు పుట్టిన బొమ్మను, డిగ్రీలున్న మీరు ఈనాటికీ చెక్కుచెదరనివ్వలేదు. బొమ్మ పక్కనున్న మనిషి ఎవరైనా మీకు పట్టింపు లేదు.

మీ క్షమాగుణం ఇంకా పెద్దది. ఆ ఏడాది అక్టోబరు వరదల్లో మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెనను ముంచింది. నాలాల పూడిక ఎందుకు తీయలేదని అడిగే రోజు ఏడు వారాల్లోనే వచ్చింది. నగరం మొత్తం మీద 46.55 శాతం మందే బూత్‌ దాకా వెళ్లారు. మిగతావారు క్షమించేశారు. నాలా కార్పొరేషన్ బాధ్యతని తెలిసినా తెలియకపోయినా, ఎంపీని తిట్టి కార్పొరేటర్‌ని గౌరవంగా వదిలేసే పెద్దమనసు మీది.

మీకు చదవడం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మలక్‌పేట రేస్‌కోర్సులో రేస్‌బుక్ పట్టుకున్నవారిని చూశాను. గుర్రం తల్లిదండ్రులెవరు, గత పందేల్లో ఎన్నో స్థానం, జాకీ ఎవరు, మోస్తున్న బరువెంత, అన్నీ పెన్సిలుతో గీతలు గీసి మరీ చదువుతారు. రెండు నిమిషాల్లో ముగిసే పరుగుకు అంత శ్రద్ధ! ఐదేళ్ల పరుగుకూ అలాంటి పుస్తకం ఉంది. అభ్యర్థి ఆస్తి, అప్పు, చదువు, అతని మీదున్న కేసులు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002లో తీర్పిచ్చింది. అసెంబ్లీకైనా లోక్‌సభకైనా ఫారం 26లో ఆ వివరాలన్నీ ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆ కాగితాన్ని మీరు ముట్టుకోకుండా పవిత్రంగా ఉంచారు.

అభ్యర్థులు మాత్రం మిమ్మల్ని శ్రద్ధగా చదువుకున్నారు. మీ ఇంట్లో ఎన్ని ఓట్లు, బూత్ ఎక్కడ, కుర్రవాడు ఉద్యోగానికి ఏ ఊరు వెళ్లాడు, అన్నీ స్లిప్పులు పంచే కార్యకర్తకు కంఠతా వచ్చు. మీరు చూసేది గుర్తునేనని కూడా వాళ్లకు తెలుసు. గుర్తు దక్కేది బీ ఫారంతో. బీ ఫారం ఇచ్చేది పార్టీ ఆఫీసు. అందుకే గెలిచినవాడు వాన పడ్డ రాత్రి మీ గల్లీకి రాకపోయినా, టికెట్ల కాలంలో ఆ ఆఫీసు మెట్ల మీద తెల్లవార్లూ కూర్చుంటాడు.