రెక్క కింద కాపురం

విమానాల పిచ్చి ఉన్న మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్య దొరికే రకం మాత్రం వేరు. తిరుమల కొండ తరవాత వీళ్లు దణ్ణం పెట్టేది యలహంక వైమానిక స్థావరానికే. మదనపల్లెలో ఇతను టమోటా మండీ కమీషన్ వ్యాపారి కావచ్చు, పుంగనూరులో రిటైరైన లెక్కల అయ్యవారు కావచ్చు, కుప్పంలో గ్రానైటు లారీల ఓనరు కావచ్చు. లక్షణాలు మాత్రం ఒక్కటే. పెళ్లి భోజనంలో అన్నం కలుపుతున్నవాడు ఉన్నట్టుండి చెయ్యి ఆపి, తల పైకెత్తి "ఏటీఆర్" అంటాడు. పక్కవాళ్లు కొత్త కూరేదో వస్తోందనుకుని ఆకు సర్దుకుంటారు.

కుప్పం రకానికి గర్వం ఒక పాలు ఎక్కువ. వాళ్ల విమానాశ్రయానికి 2019లోనే శంకుస్థాపన అయింది మరి. అప్పటినుంచీ బంగారుపేట మీదుగా బెంగళూరు రైలెక్కిన ప్రతిసారీ, ఇదే ఆఖరు అన్నట్టు ఎక్కుతాడు.

మదనపల్లె రకాన్ని నేను దగ్గరనుంచి ఎరుగుదును కాబట్టి ఆయన సంగతే చెబుతాను. వరసకు మామ. పెద్ద విమానమంటే మామకు చిన్నచూపు. ఎయిర్‌బస్సును పేరులోనే బస్సు పెట్టుకున్నదని తీసిపారేస్తాడు. ప్రాణమంతా నలుగురు కూర్చునే సెస్నా 172 మీద. 1956 నుంచి నలభై వేలకు పైగా తయారైన బండి అది. "పుంగనూరు ఆవు మాదిరి నాయనా! మూడడుగులు ఉండదు. అయినా కొమ్ములుండాయి, పాలుండాయి, తోక నేలకు తగలతాది. ఇంకేం కావల్ల?" అంటాడు.

మామ కాశీ అమెరికాలో ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆష్‌కాష్ అనే ఊరు. 1953లో పాల్ పోబెరెజ్నీ పెట్టిన ఔత్సాహికుల సంఘం ఏటా జులై ఆఖరున అక్కడ వారం రోజుల తిరునాళ్ల జరుపుతుంది. ఆ చుట్టుపక్కల పది వేల దాకా విమానాలు వాలతాయి. సొంత విమానంలో వచ్చినవాళ్లు దాన్ని గడ్డిలో నిలిపి, తాళ్లతో నేలకు కట్టేసి, రెక్క పక్కనే గుడారం వేసుకుని పడుకుంటారు. అక్కడ దిగే పద్ధతి మామకు కంఠోపాఠం. రిపన్ అనే ఊరి దగ్గర వరుసలో చేరాలి. రైలు పట్టాల వెంబడి 1,800 అడుగుల ఎత్తున, 90 నాట్ల వేగంతో, ముందు విమానానికి అర మైలు వెనకగా ఫిస్క్ దాకా రావాలి. ఫిస్క్‌లో నేలమీద కూర్చున్న కంట్రోలర్లు బైనాక్యులర్లలో చూసి, విమానం రంగును బట్టి పిలుస్తారు. పైలట్ నోరు తెరవకూడదు. విన్నానని రెక్కలు ఊపి చెప్పాలి.

మామకు వీసా లేదు, లైసెన్సు లేదు, సెస్నా లేదు. పాత మారుతి ఉంది, అత్త ఉంది, యలహంకలో అపార్టుమెంటు పైఅంతస్తులో బామ్మర్ది ఉన్నాడు. రెండేళ్లకోసారి ఆ యలహంకలోనే జరిగే విమాన ప్రదర్శన ఏరో ఇండియా ఉంది. ఇంకేం కావాలి?

2025 ఫిబ్రవరిలో జరిగింది పదిహేనోది. దానికి బయల్దేరింది మొదలు మామకు చీకలబైలు చెక్‌పోస్టే రిపన్, చింతామణే ఫిస్క్. ముందున్న టమోటా లారీకి అర మైలు వెనకే నడుపుతాడు. వెనక బస్సులు హారన్లతో ఎంత తిట్టినా ఎత్తు మార్చడు, వేగం మార్చడు. "చింతామణిలో కాఫీ తాగుదామా?" అని అత్త అడిగితే నోటితో జవాబు రాదు. భుజాలు రెండూ కుడికీ ఎడమకీ ఊపుతాడు. వెనక సీట్లోంచి నేను అయోమయంగా చూస్తే అత్తే అర్థం చెప్పింది. "విన్న్యాడంట. తాపిస్తాడని కాదు."

ఆష్‌కాష్‌లో గుడారం వేసుకునే విమానాలు ముందద్దంలో జీఏసీ అని రాసిన కాగితం పెట్టుకోవాలి. మామ కూడా పెట్టాడు. హెచ్ క్రాస్‌లో ట్రాఫిక్ కానిస్టేబులు అదేదో కేంద్ర ప్రభుత్వ శాఖ అనుకుని లారీలను ఆపి మరీ దారి వదిలాడు. మామ భుజాలు ఊపాడు. పాపం, కానిస్టేబులు సెల్యూట్ కొట్టాడు.

తరవాత కోడి గండం. ఆ ఏడాది జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకూడదని నగరపాలక సంస్థ ఉత్తర్వు. పారేసిన ముక్కలకు గద్దలు చేరతాయి, గద్ద ఇంజన్లో పడితే విమానానికే ముప్పు. సబబైన మాటే. అయితే ఉత్తర్వు అంగళ్లకూ హోటళ్లకూ గానీ అత్త డబ్బాలోని నాటుకోడి పులుసుకు కాదు. మామ ఒప్పుకోలేదు. దేవనహళ్లి ఇంకా రాకముందే చెట్టు కింద కారాపి, పొద్దున తొమ్మిదింటికి రాగిసంగటి, పులుసు మొత్తం మా చేత ఖాళీ చేయించాడు. ఎముకలకు గుంత తీసి పూడ్చి, పైన రాయి పెట్టాడు. చూసినవాళ్లు ఏమనుకున్నారో గానీ ఒక ముసలాయన దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్లాడు.

2019 ప్రదర్శనప్పుడు పార్కింగులో మంటలు లేచి 300 దాకా కార్లు కాలిపోయాయి. అప్పటినుంచి మామ మారుతి బామ్మర్ది సెల్లారు దాటదు. మామ కూడా మేడ దాటడు. టికెట్టు కొని లోపలికి పోవచ్చు కదా అంటే, "రెక్క కింద పండుకోనిస్తారా?" అని ఎదురు ప్రశ్న. మేడ మీద మాత్రం రెక్కేది? సోలార్ హీటరు పలక ఉందిగా, ఏటవాలుగా! దాని కింద పట్ట పరిచి, టమోటా క్రేటు తలకింద పెట్టుకుని, గాలివానకు కట్టని విమానాలు తిరగబడతాయని పుంగనూరు సంతలో కొన్న పలుపుతాళ్లతో హీటరును నాలుగు దిక్కులా కట్టేశాడు. తెల్లారేసరికి ఆ తాళ్లమీద అపార్టుమెంటువాళ్ల తడిబట్టలు ఆరుతున్నాయి. అత్త కింద ఏసీ గదిలో పడుకుంది.

నా మాట అడిగితే, ఏరో ఇండియా మామలాంటివాళ్ల కోసం పెట్టింది కాదు. ఆయుధాలు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ అది సంత. మొదటి మూడు రోజులు వ్యాపారానివి, జనానికి మిగిలేవి చివరి రెండే. సొంత సెస్నా వేసుకొచ్చి గడ్డిలో కట్టేసుకునే ముచ్చటే లేదు. పైగా విన్యాసాల వేళ దేవనహళ్లి విమానాశ్రయాన్ని కూడా కొన్ని గంటలు మూసేస్తారు. హైదరాబాదు నుంచి రావలసిన మామ కొడుకు ఆ గంటల్లోనే ఇరుక్కుని, అక్కడినుంచి ఫోన్ చేసి విసుక్కున్నాడు. "చూసిండావా, మన ప్రోగ్రాము కోసం నిలిపేసినారు!" అని మామ పొంగిపోయాడు.

చివరి రోజు మేడ నిండా జనం. వాయుసేన సూర్యకిరణ్ బృందం తొమ్మిది హాక్ విమానాలు పొగ గీతలు గీసి వెళ్లాయి. ఆ ఏడాది రష్యా సుఖోయ్ 57, అమెరికా ఎఫ్-35 రెండూ వచ్చాయి, మామ గొంతు బొంగురుపోయింది. ఇంతలో ఇంకొకటి చెవులు చిల్లులు పడేలా నిలువునా లేచింది. "సుఖోయ్ ముప్పై!" అని మామ ప్రకటించాడు. అత్త తల ఎత్తలేదు. డబ్బా మూతలు తుడుచుకుంటూనే "ముప్పై ఇందాకే పాయె. ఇది యాభై ఏడు" అంది. బామ్మర్ది కొడుకు ఫోన్లో ఫోటో వెతికి పోల్చి చూసి, అత్తయ్యే కరెక్టు అన్నాడు. మేడంతా మామవైపు తిరిగింది. మామ నోరు తెరవలేదు. భుజాలు రెండూ ఊపాడు.

"విన్న్యాడు" అంది అత్త, "ఒప్పుకొన్న్యాడని కాదు."