టికెట్టుకు టీక

మూలము: "టికెట్ టికెట్! చిల్లరె కొడి!"

అవతారిక. బళ్ళారి నుండి ఆలూరు మార్గమున బయలుదేరిన బస్సు, ఊరిగుట్ట వెనుకబడి, హగరి వంతెన ఇంకను కనబడకమునుపే, కండక్టరు అను ధీరోదాత్తనాయకుడు ఎడమచేత యంత్రమును, కుడిచేత పైకడ్డీని, వ్రేళ్ళసందున నిలువుగా మడిచిన నోట్లను ధరించి, నిలిచియున్నవారిని, కూర్చున్నవారిని, కూర్చున్నవారిమీద ఒరిగియున్నవారిని ఉద్దేశించి పలికిన వాక్యమిది. ఇట్టి గంభీరవాక్యమునకు ఇంతవఱకు వ్యాఖ్య లేకుండుట సాహిత్యమునకు లోపమని తోచి ఈ పనికి పూనుకొంటిని.

వ్యాఖ్యాతలకు గురువైన మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసి కాళిదాసును మనకు దక్కించెను. ఆయన ఇంటిపేరు కోలాచలము. మెదకుసీమలోని కొల్చారము ఆయన యూరందురు. బళ్ళారిలో సుమనోరమ సభను నడిపి నాటకములు వ్రాసిన శ్రీనివాసరావుగారి ఇంటిపేరును కోలాచలమే. ఇంటిపేరులు కలిసినంతమాత్రమున చుట్టరికము కలుపుట నా పని కాదు గాని, అట్టి పేరు తిరిగిన వీథులలో కూర్చుండి టీక వ్రాయువాడు ఆ ప్రతిజ్ఞలోని మొదటి సగమునైనను పాటింపవలెను. రెండవ సగము నావలన కాదు.

ప్రతిపదార్థము. టికెట్ = ప్రయాణపత్రమును; టికెట్ = మరల ఆ పత్రమునే (పుచ్చుకొనుడు); చిల్లరె = సరిపడు చిన్ననాణెములను; కొడి = ఇయ్యుడు. మొదటి టికెట్టుండగా రెండవది పునరుక్తి కాదా యని ఆశంకింపరాదు. మొదటిది డబ్బు పిడికిట బట్టుకొని ఎదురుచూచువారికి. రెండవది బస్సు కదలినంతనే కిటికీకి తల చేర్చి నిద్ర నటించువారికి. శబ్దమొకటియై తాత్పర్యము వేఱగుటచే ఇది లాటానుప్రాసము. కృష్ణాతీరము నుండి క్రొత్తగా వచ్చిన ఒక ప్రయాణికుడు తుదిమాటను "కోడి" యని విని, చిల్లర కోడి యనగా పిల్లకోడియా, దానికిని టికెట్టు కావలయునా యని పక్కవాని నడిగెను. ఈ పాఠము అపపాఠము. "కొడి" కన్నడము, హ్రస్వము.

ఇక టికెట్ శబ్దము. ఇది ఇంగ్లీషు మాటయని బస్సులో అందఱెఱుగుదురు గాని, ఇంగ్లీషువారికిని ఇది ఎరువుసొమ్మే యని ఎఱిగినవారరుదు. 16వ శతాబ్దిలో వారు దీనిని ఫ్రెంచివారి కడ పుచ్చుకొనిరి. ఫ్రెంచివారి ప్రాచీనభాషలో "ఎస్తికెత్" అనగా గోడకో తలుపునకో గ్రుచ్చి నిలిపిన చిన్నచీటి. ఆ గ్రుచ్చుట యను క్రియ వారికి జర్మానికు జాతులవారి నుండి సంక్రమించినది. ఆ జర్మానికు ధాతువే ప్రాచీనాంగ్లమున "స్టికియన్" అయి, నేడు "స్టిక్" అయి, అంటుకొనుటకు, గ్రుచ్చుటకు పనికివచ్చుచున్నది. కావున ఇంగ్లీషువారింట పుట్టి ఇంటనే యుండిపోయిన పిల్ల స్టిక్. అదే వంశమున ఫ్రెంచివారింట పెరిగి, అచట మొదటి సకారమును పోగొట్టుకొని, మేనరికమునకు తిరిగివచ్చిన పిల్ల టికెట్. సూదితో కుట్టు కుట్టుటకును, పరుగెత్తినప్పుడు ప్రక్కలో పొడుచు పోటునకును పేరైన "స్టిచ్" వీరికి అక్క. 18వ శతాబ్దిలో అదే ఫ్రెంచిమాట "ఎటికెట్" అను పేర, సభామర్యాద యను అర్థముతో, రెండవమారు ఇంగ్లీషువారింట అడుగుపెట్టెను. ఒక్క మాటయే రెండుమారులు దిగుమతి యగుటచే ప్రయాణికుని కడ రెండును ఉండవలసినవే. బస్సులో మొదటిదాని నడుగుదురు, రెండవదాని నెవ్వరు నడుగరు.

దూరపు చుట్టములు ఇంకను గలరు. గ్రీకువారికి వాడిమొనతో దేహమున పొడిచిన ముద్ర "స్టిగ్మా". లాటినువారికి ముల్లుకఱ్ఱతో పొడిచి తోలుట "ఇన్‌స్టిగేర్". "ముందుకు జరగండి, ముందంతా ఖాళీ" యని కండక్టరు మనలను తోలునప్పుడు ఆ లాటినువాసన తగులక మానదు. యంత్రములు రాకమునుపు, పలుచని రంగుకాగితపు టికెట్ల కట్టను అట్టకు బిగించి, దిగవలసిన స్థలము కడ పంచితో టక్కున రంధ్రము పొడిచి యిచ్చుచుండిరే, ఆ దినములలో టికెట్టు తన ధాత్వర్థమునకు పూర్ణముగా న్యాయము చేసినది.

ఇచట ఒక పూర్వపక్షము. టీక యనగా దేనిచేత గ్రంథార్థమును చేరుదుమో అది. ధాతుపాఠమున దానికి గమనార్థమే చెప్పబడినది. టికెట్టుచేతను ఆలూరు చేరుదుము. కావున "టీక" పదమే "టికెట్టు" అయినదని ఒక పండితుడు నాతో వాదించెను. వినుటకు హాయిగా నున్నది గాని చెల్లదు. ముఖములు పోలినంతమాత్రమున దాయాదులు కారు. అసలైన దాయాది పోలికయే లేని మఱియొకచోట నున్నాడు. పైని జెప్పిన యూరోపు మాటల మూలమునకు సంస్కృతమున సాటివచ్చు ధాతువు "తిజ్"; సకారము పోయి మిగిలినది; వాడిచేయుట దాని యర్థము. తేజస్సు, తీక్ష్ణము, తిగ్మము దీని సంతానము. వేసవి మధ్యాహ్నమున బళ్ళారి బస్సులో ఎండవైపు సీటు దొరకినవాడు తిగ్మాంశుడను సూర్యనామమునకు వేఱు వ్యాఖ్య నడుగడు. ఒక చెవి టికెట్టు, ఒక చెవి తేజస్సు అనుభవించును.

ఈ ధాతువుమీదనే పాణిని సన్ ప్రత్యయమును విధించెను. సన్ సామాన్యముగా కోరికను దెలుపును: పానము చేయగోరుట పిపాస, తెలిసికొనగోరుట జిజ్ఞాస. తిజ్ మీద మాత్రము అది కోరికను విడిచి ఓర్పును దెలుపును. ఆ రూపమే తితిక్ష, వేదాంతులు శమదమాదులతో చేర్చి సాధకునికి విధించు ఆఱు గుణములలో నొకటి. సామాన్యముగా కోరిక యగు ప్రత్యయము ఈ చోట ఓర్పుగా మారుట ఎందులకో వైయాకరణులు చెప్పుదురు; నేను మాత్రము బస్సులో గ్రహించితిని. చిల్లర కోరినవాడు చిల్లరకై ఓర్చుకొనువాడుగా మారుట అచ్చటనే ప్రత్యక్షమగును.

చిల్లర విషయము కొంచెమే. కొద్ది యను నర్థముగల "చిల్" దీనికి మొదలు. తెనుగువారికి చిల్లర, కన్నడిగులకు చిల్లరె, తమిళులకు చిల్లఱై. తెనుగువారును కన్నడిగులును జిల్లాను పంచుకొన్నప్పుడు, 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, మిగిలిన బళ్ళారి జిల్లా మైసూరునకును పోయెను. బళ్ళారి తాలూకా ఎవరిదన్న వాదము ముదిరి జస్టిస్ మిశ్రాగారి నివేదికతో గాని తెగలేదు. అంతటి పంపకములోను చిల్లరను పంచుట ఎవరివలనను కాలేదు. ఇంగ్లీషువారితో మన లెక్కయు ఇట్టిదే: వారి టికెట్టును మనము పుచ్చుకొంటిమి, మన దేశపు చిట్ఠీని హిందీ ద్వారమున వారు "చిట్" అని కొనిపోయిరి. ఆ బేరమున చిల్లర సరిపోయినది.

విశేషము. మూల్యమిచ్చి కొన్నదే టికెట్టని లక్షణము చెప్పినవారికి 2023 జూన్ 11 నుండి అవ్యాప్తిదోషము పట్టినది. నాటినుండి కర్ణాటకములోని సాధారణ బస్సులలో ఆ రాష్ట్రపు స్త్రీలకు ప్రయాణము ఉచితము. అయినను కండక్టరు సున్న ధర వేసి టికెట్టు చించి యిచ్చుచునే యున్నాడు. టికెట్టు మొదట గోడకు గ్రుచ్చిన చీటియే గాని వెలకు గుర్తు కాదని మేము ముందే చెప్పియున్నాము గనుక మా వ్యాఖ్యకు భంగము లేదు.

తాత్పర్యము. ఓ ప్రయాణికులారా! సరిపడు డబ్బిచ్చి పత్రము గైకొనుడు. ఐదువందలనోటు చాపితిరేని, రావలసినదానిని టికెట్టు వెనుక వ్రాసియిత్తును; దిగువఱకు తితిక్ష నభ్యసింపుడు.

నాకు అట్లు వ్రాసియిచ్చిన మొత్తము ఏడు రూపాయలు. దిగవలసిన చోట నేను దిగి చేయి చాపునంతలో ఈల మ్రోగెను, బస్సు కదలెను. ఆ టికెట్టును నిఘంటువులో తితిక్ష యున్న పుటకడ గుర్తుగా పెట్టితిని. యంత్రము ముద్రించిన ఊరిపేరు, తేది, ధర కొన్ని నెలలకే వెలిసి కాగితము తెల్లబడినది. వెనుక పెన్నుతో వ్రాసిన 7 మాత్రము నేటికిని స్పష్టముగా నున్నది.