నడుస్తున్నది కదా సార్!

మెదక్‌లో వెబ్‌సైట్లు చేసిపెట్టే పిలగాళ్లకు ఒకటే మంత్రం వచ్చు: "నడుస్తున్నది కదా సార్, ఎందుకు కెలుకుడు?" బడికైనా, ఫంక్షన్ హాలుకైనా, ఎరువుల దుకాణానికైనా ఇదే జవాబు. లోపల నడిచేదేమో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, 5.6 వెర్షన్. దానికి భద్రతా సవరణలు 2018 డిసెంబర్ 31తోనే ఆగిపోయాయి. మెదక్‌కు రైలొచ్చింది 2022లో. అంతకు దాదాపు నాలుగేళ్ల కిందటే ఈ 5.6 దశదిన కర్మ అయిపోయింది.

కొత్త వెర్షన్‌కు పైసా అక్కర్లేదు, పీహెచ్‌పీ ఉచితం. హోస్టింగ్ ప్యానెల్‌లో 5.6 తీసి 8.3 ఎంచుకుంటే సరి. పిలగాడు ఎంచుకుంటాడు కూడా. పేజీ మొత్తం తెల్లబడుతుంది, ఒక్క అక్షరం మిగలదు. లోపలి కోడంతా డేటాబేస్‌ను పాత 'మైఎస్‌క్యూఎల్_కనెక్ట్'తో పిలుస్తుంది మరి. ఆ పిలుపు వద్దని 2013లోనే చెప్పారు, 2015 డిసెంబర్‌లో వచ్చిన 7.0లో పీకేశారు. ఇప్పుడు కోడ్ దిద్దుతాడనుకున్నారా? మళ్లీ 5.6 మీద నొక్కి, "సర్వర్ ప్రాబ్లం ఉండె సార్, సెట్ చేసిన" అంటాడు. సారు సంతోషించి చాయ్ తాగిస్తాడు.

కాస్త చదువుకున్నవాళ్ల వాదం ఇంకా ఘనం. పాతది గట్టిదట, మన మెదక్ ఖిల్లా చూడలేదా అట! చూశాం. కాకతీయుల సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయినా గోడలు నిలిచే ఉన్నాయి. మరి ఖిల్లా కాకతీయుల చేతిలోనే ఉందా? కుతుబ్‌షాహీల దాకా ఎన్ని చేతులు మారిందో! దర్వాజా అదే, దర్బారు వేరు. పాత సైట్ల గతీ అంతే. బడి పేరు గూగుల్‌లో కొట్టండి, కింద జపాన్ లిపిలో బూట్ల బేరం కనిపిస్తుంది. చూపిస్తే "మన బడి జపాన్ దాకా పోయిందా!" అని మురిసిపోయేవాళ్లూ లేకపోలేదు.

"మనసొంటి చిన్నోళ్లను ఎవడు హ్యాక్ చేస్తడు?" ఎవడూ రాడు, నిజమే. తిరిగేవి రోబో ప్రోగ్రాములు. వాటికి మెదక్, ముంబై తేడా తెలియదు, తలుపు గడియ ఒక్కటే చూస్తాయి. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకే తాళాలు పడ్డాయి. మైక్రోసాఫ్ట్ సవరణ మార్చిలోనే ఇచ్చింది, పెట్టుకుంటే కదా!

గడువు పొడిగిస్తారులే అని ఇంకొందరి ధీమా. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) గడువులు చూసి అలవాటైన ప్రాణాలు. పైథాన్ 2 అనే మరో ప్రోగ్రామింగ్ భాషకు సపోర్ట్ ఆపడానికి 2015కని పెట్టిన ముహూర్తం 2020కి జరిగిన మాట వాస్తవమే. కానీ ఆ జనవరి 1న నిజంగానే చేతులు దులుపుకున్నారు.

పిలగాణ్ని తిట్టి లాభం లేదు. సైట్ కట్టడానికి బిల్లు ఉంటుంది, ప్రారంభించిన పెద్దమనిషికి శాలువా ఉంటుంది. ఏటేటా దిద్దడానికి ఏ పద్దూ ఉండదు. కోడ్ మార్చాలి, నాలుగు పైసలియ్యండని అడిగి చూడండి. "పోయినసారే ఇచ్చిన గదా!" అంటారు. ఆ పోయినసారి 2016, మెదక్ జిల్లా కేంద్రమైన ఏడాది.