ఒక గృహవాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము

కంప్యూటరుండంగ పాటలకింకో పెట్టె యాలరా?

అవతారిక

అనంతపురమందొక గృహమున, వైశాఖమాసపు మధ్యాహ్నవేళ, ఆంప్లిఫయరును స్పీకర్లును ముందుగనే కొనివైచి, వానికి పాట నందించుటకు కంప్యూటరు మేలా, స్ట్రీమరను ప్రత్యేకయంత్రము మేలా యను సంశయమున నెలల తరబడి కొట్టుమిట్టాడుచున్న కుమారునితో, చాటలో చెనిక్కాయలు ఒలుచుచు, తలయెత్తకయే తల్లి పలికిన వాక్యమిది. భాష జిల్లాభాష, భావము శాస్త్రగర్భితము.

ప్రతిపదార్థము

కంప్యూటరు = మనుమడు చదువుకై కొనిపించుకొని, ఉద్యోగమునకు బెంగుళూరు పోవుచు విడిచిపోయిన యంత్రము; ఉండంగ = దుమ్ము పట్టియైనను పనిచేయుచుండగా; పాటలకు = కేవలము పాటలు వినుటకు; ఇంకో పెట్టె = వేరొక యంత్రము, అనగా వేరొక ఖర్చు; యాలరా = ఎందులకురా నాయనా. (“ఎంతరా” యని వంటింటిప్రతి పాఠము. దానికి కుమారుడు సమాధాన మీయలేదు.)

తాత్పర్యము

స్పష్టము.

వ్యాఖ్య

ఇచట పూర్వపక్షులు, అనగా పెట్టెలమ్మువారును వారి మాట నమ్మినవారును, ఇట్లాక్షేపింతురు: కంప్యూటరు నూరుపనులు చేయునది గాన పాటయందు దానికి శ్రద్ధ లేదు, స్ట్రీమరు ఏకకార్యదీక్షితమగుటచే నాదము నిర్మలముగా వెలువడును. ఇందు సగము సత్యమే. 1982లో వెలసిన సీడీయందలి పాట యనగా, సెకనుకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాసిపెట్టిన సంఖ్యల వరుస. విండోసును దాని పద్ధతికి విడిచినచో, ఆ వరుసను మెయిలు వచ్చినపుడు మ్రోగు గంటతో కలిపి పంపును గాన, భైరవి ఆలాపన నడుమ టింగుమని ఒక అన్యస్వరము వినవచ్చుట కద్దు. అయితే పాటను ఆ కలగలుపునకు చిక్కనీయక సూటిగా పంపు ఏర్పాటును ఆ విండోసులోనే కలదు. పిమ్మట సంఖ్యలను నాదముగా మార్చు డాక్ అను పరికరము, కొత్తవానిలో పెక్కింటియందు, యూఎస్‌బీ తీగ ద్వారా తన గడియారము ననుసరించి తానే సంఖ్యలను అడిగి తీసికొనును. అవి మనుమని కంప్యూటరునుండి వచ్చెనా, లక్షరూపాయల పెట్టెనుండి వచ్చెనా యను వంశవిచారము చేయదు. చెవికి భేదము తెలియుననువారిని, రెండు యంత్రములను కంబళిక్రింద దాచి యడుగవలెను.

ఇక ఫాను రొద. ఇది చలిదేశపు నిశ్శబ్దగృహములందు ఘోరాపరాధము కావచ్చును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మా యూర, తలపై సీలింగుఫాను ఐదవ నంబరున గిరగిర తిరుగుచుండగా, బల్లక్రింది చిన్నఫానుపై నేరము మోపుట న్యాయము కాదు. దుమ్ము మాట వేరు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు ఈ మెట్టనేలపై, ఆషాఢపు గాలి రేపిన మన్ను కిటికీలు మూసినను ఆగదు. కంప్యూటరు మూత తెరచి చూచినచో, రెక్కల అంచులను, లోపలి అల్యూమినియము సందులను కంబళివలె కప్పిన ధూళి కనబడును. ఆ వేడికి యంత్రము రాగము నడుమ ఆగిపోయినచో ఆశ్చర్యము లేదు. ఈ యంశమున పూర్వపక్షము బలవత్తరమని ఒప్పుకొనక తప్పదు.

అయినను తల్లిమాటను పిసినారితనముగా వ్యాఖ్యానించువారు జిల్లా చరిత్ర నెరుగరు. 2001లో పుట్టపర్తినుండి (నాడది అనంతపురము జిల్లా, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) రేడియో సాయి ప్రసారములు వరల్డ్‌స్పేస్ అను కంపెనీ ఉపగ్రహము ద్వారా మొదలైనవి. వినగోరువారు దానికే చేసిన రిసీవరును కొని, చిన్న యాంటెన్నాను మేడపై ఆగ్నేయాకాశమునకు గురిచూచి నిలుపవలసియుండెను. చందా కట్టినవారికి కర్ణాటకసంగీతమునకు శ్రుతి, తెలుగుపాటలకు స్పందన యను ప్రసారములు లభించెడివి. 2008లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషను వేసెను. 2009 డిసెంబరు 31తో భారతదేశమున సేవ నిలిచెను. మరునాటినుండి, తీగ తెగక, బటను విరుగక, ఏ లోపమును లేకయే ఆ రిసీవర్లలో చందా ప్రసారములు మూగవోయినవి. రేడియో సాయి ఇంటర్నెట్టున సాగెను. దానిని వినుటకు కంప్యూటరు చాలెను. ఒకరి సేవకే కట్టుబడిన పెట్టెను కొనునపుడు ఆ సేవ ఆయువునుకూడ లెక్కింపవలెననుటయే “యాలరా” యందలి ధ్వని.

సిద్ధాంతము

స్ట్రీమరు మూత విప్పినచో లోన నుండునదియు చిన్న కంప్యూటరే. కావున 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటి, అరచేతిలో ఇముడు పలకను కొని, వొల్యూమియో వంటి సాఫ్టువేరు నెక్కించి, యూఎస్‌బీతో డాక్‌కు తగిలించి, ఫోనునుండి నడిపించుట యుక్తము. పాటలు వినిపించుటకు దానికి ఫాను అక్కరలేదు గాన దుమ్మును పీల్చదు. అయిదారు వాట్లతో నడచును గాన కరెంటు పోయినపుడు ఇన్వర్టరును పీడింపదు. సాఫ్టువేరు నచ్చనిచో చిన్న కార్డు మార్చి వేరొకటి వేసికొనవచ్చును. ఇది కంప్యూటరని తల్లియు, స్ట్రీమరని కుమారుడును తలంతురు; ఇరువురును సత్యమునే తలంతురు. మనుమని కంప్యూటరు పాటల భాండాగారముగా మూలగదిలో నుండును.

ఆ భాండాగారమును గూర్చి ఒకమాట. అన్నమాచార్యుని రాగిరేకులు శతాబ్దులు నిలిచినను, వానిపై సాహిత్యమును రాగనామమునే గాని స్వరములు లేకపోవుటచేత, ఈ జిల్లాలోనే జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వంటివారు పెక్కు కీర్తనలకు క్రొత్తగా స్వరములు కూర్పవలసివచ్చెను. పాటను సంఖ్యలలో ఒక్కటియు పోగొట్టక, ఇంచుమించు సగము చోటున ఇముడ్చు ఫ్లాక్ పద్ధతి 2001 నుండి ఉచితముగా లభించుచుండగా, మన పాటలకా గతి పట్టకుండ సీడీలను దానిలోనికే ఎక్కించి, ఒకటికి రెండు డిస్కులపై దాచి, రెండవదానిని వేరొక ఇంట నుంచవలెను. డిస్కు పాటలు పాడు పెట్టె కాదు గనుక మూలమందలి నిషేధము దానికి వర్తింపదని మా నిర్ణయము.